మీర్జా: ముందుంటే గుమాస్తా, వెనకుంటే యువరాజు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పేర్ల మీద వచ్చిన శీర్షికలో ‘మీర్జా’కు రెండు వాక్యాలు కేటాయించారు. ‘అరబ్బీ పదం, ముస్లింల ఇంటిపేరు’ అని తేల్చేశారు. మొదటిది సగమే నిజం. రెండోది మా విజయనగరంలో అంటే నవ్వుతారు. నేను రిజిస్ట్రార్ ఆఫీసు బయట బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. పేరు సగం తప్పితే ఎంత తిరగాల్సి వస్తుందో చూసినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

‘అమీర్’ అరబ్బీ మాటే, నాయకుడని అర్థం. ‘జాదా’ మాత్రం ఇరాన్ భాష పారశీకంలోది, పుట్టినవాడని అర్థం. షహజాదా, నవాబ్‌జాదా విన్నవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అమీర్‌జాదా జనం నోళ్లలో నలిగి నలిగి మీర్జా అయింది. సరుకులో కొంత అరబ్బీది, కుట్టుపని మొత్తం ఇరాన్‌ది. తైమూరు వంశంలో రాజకుమారులందరికీ ఇది ఉండేది. బాబరు తండ్రి ఉమర్ షేక్ మీర్జా. బాబరు కొడుకుల్లో కామ్రాన్, అస్కరీ, హిందాల్ ముగ్గురూ మీర్జాలే.

అసలు తమాషా ఇరాన్‌లో ఉంది. అక్కడ ఈ మాట పేరుకు వెనక ఉంటే రాజు బిడ్డ, ముందు ఉంటే చదువుకున్నవాడు. ఖాజార్ రాజుల కాలంలో ఇది అందరికీ తెలిసిన లెక్క. రష్యాతో యుద్ధాలు నడిపిన యువరాజు అబ్బాస్ మీర్జా. ఆయన మనవడు నాసిరుద్దీన్ షా దగ్గర ప్రధానమంత్రిగా చేసినవాడు మీర్జా తఖీ ఖాన్. చరిత్రలో అమీర్ కబీర్ అంటే ఈయనే. తండ్రి ఒక పెద్ద మంత్రి ఇంట్లో వంటవాడు. పిల్లవాడు ఆ ఇంట్లోనే చదువు నేర్చి, రాతపనిలో చేరి, మెట్టు మెట్టు ఎక్కి 1848లో ప్రధాని అయ్యాడు. టెహ్రాన్‌లో దారుల్ ఫునూన్ అనే కొత్త తరహా విద్యాలయం పెట్టించాడు. షా చెల్లెల్ని పెళ్లి చేసుకున్నాడు. అంత ఎత్తుకు వెళ్లినా మీర్జా అన్న మాట పేరు ముందే ఉండిపోయింది గానీ వెనక్కి వెళ్లలేదు. దర్బారులో గిట్టనివాళ్లు షాకు నూరిపోశారు. 1852 జనవరిలో కాషాన్ దగ్గర ఫిన్ తోటలో, స్నానాల గదిలో నరాలు కోయించి చంపించారు. ఆ తోట ఇప్పటికీ ఉంది, జనం వెళ్లి చూస్తారు.

రాయడం, చదవడం వచ్చిన గుమాస్తా ఎవరైనా అక్కడ మీర్జానే. చిన్నాచితకా రాతకోతలు చేసేవాణ్ణి ‘మీర్జాబెనవీస్’ అంటారు. ‘మీర్జా, రాయవయ్యా’ అని దాని భావం. కాస్త చులకనగానే వాడతారట. నా బల్ల దగ్గరికొచ్చి ‘రైటర్ గారూ, తొందరగా కానీండి’ అనే పార్టీల గొంతులో వినిపించేదీ అదే. ఆ లెక్కన నేనూ మీర్జానే.

మరి బిరుదు ఇంటిపేరు ఎలా అయింది? ఇరాన్‌లో వందేళ్ల కిందటి దాకా చాలామందికి ఇంటిపేరన్నదే లేదు. ఊరిని బట్టో, తండ్రిని బట్టో, పనిని బట్టో పిలిచేవారు. 1918లో గుర్తింపు పత్రాలివ్వడం మొదలైంది. 1925లో చట్టం చేసి బిరుదులు రద్దు చేశారు, ప్రతి కుటుంబానికీ ఇంటిపేరు తప్పనిసరి చేశారు. ఆ పని చేయించిన అప్పటి ప్రధాని రెజా ఖాన్ తనకు పహ్లవీ అనే పేరు ఎంచుకుని, అదే ఏడాది చివర షా అయ్యాడు. బిరుదు పోతుందంటే ఎవరికి ఇష్టం? చాలామంది దాన్ని ఇంటిపేరులోకి దూర్చారు. అలా మీర్జాయీలు, మీర్జాఖానీలు పుట్టుకొచ్చారు. మీర్జాజాదే అని కూడా ఉంది. విడగొట్టి చూస్తే ‘నాయకుడి బిడ్డ బిడ్డ’ అని వస్తుంది.

మన దేశానికి వచ్చేసరికి ముందు వెనకల లెక్క తప్పింది. ఆఖరి మొఘలు బహదూర్ షా జఫర్ కొడుకు, 1857లో కాల్పులకు బలైన మీర్జా మొఘల్, రాజకుమారుడై ఉండీ బిరుదు ముందే పెట్టుకున్నాడు. గాలిబ్ పూర్తి పేరు మీర్జా అసదుల్లా బేగ్ ఖాన్. మధ్య ఆసియా నుంచి వచ్చిన తురుష్క కుటుంబాల్లో ముందు మీర్జా, వెనక బేగ్ పెట్టుకునే అలవాటు ఇప్పటికీ ఉంది.

ఈ అలవాటు కాగితాల మీద ఎలా తిరగబడుతుందో చెప్తాను. కంటోన్మెంట్ వైపు నుంచి ఒక మేస్త్రీ తండ్రి కొన్న స్థలం అమ్మడానికి వచ్చాడు. పాత దస్తావేజులో తండ్రి పేరు ముందు మీర్జా, చివర బేగ్. కొడుకు ఓటరు కార్డులో మీర్జా లేదు. ఆధార్‌లో మీర్జా చివరికి పోయింది. ‘ఇంటిపేరు మీర్జాయేనా?’ అని అడిగాను. ‘ఇంటిపేరు కాదు రైటర్ గారూ, మా మగాళ్లందరికీ ముందు పెట్టేదే. మా ఆడపిల్లలకు బేగం అని వస్తుంది’ అన్నాడు. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది కదా, ముందున్నదల్లా ఇంటిపేరే అనుకుని ఏ గుమాస్తానో ఆ గడిలో నింపేశాడు. కంప్యూటర్ దాన్ని తీసుకెళ్లి చివర పెట్టింది. కొనేవాడి బ్యాంకు లోను ఆగిపోయింది. ఆ పేర్లన్నీ ఒకే మనిషివని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాసి, నోటరీ చేయించాక గానీ పని జరగలేదు. పాపం, ఆ కొన్ని రోజులూ మేస్త్రీ పడ్డ టెన్షన్ చూడాలి. మన దగ్గర మీర్జా ఇంటిపేరుగా ఇంతగా కనిపించడానికి వంశాలకంటే ఇలాంటి ఫారాలే ఎక్కువ కారణమని నా నమ్మకం.

ఇక మతం సంగతి. గురజాడను ఆదరించిన మా ఆనంద గజపతి మహారాజు పూర్తి బిరుదులు చదివితే పూసపాటికి ముందు ‘మీర్జా’ వస్తుంది, చివర ‘మన్య సుల్తాన్ బహదూర్’ వస్తుంది. ఇది ఆ వంశంలో తరతరాలుగా వస్తున్న బిరుదు. రాజస్థాన్‌లోని అంబర్ రాజా మొదటి జైసింగును కూడా చరిత్రకారులు మీర్జా రాజా అనే రాస్తారు. నూజివీడు దగ్గర మీర్జాపురం ఉంది. శోభనాచల స్టూడియో నడిపిన మీర్జాపురం రాజావారిని పాత సినిమా అభిమానులు ఎవరూ మరిచిపోరు. సరిహద్దులు దాటితే ఆర్మేనియా క్రైస్తవుల్లో మీర్జోయాన్‌లున్నారు, ఆ దేశ విదేశాంగ మంత్రి ఇంటిపేరు అదే. అజర్‌బైజాన్‌లో రష్యన్ తోక తగిలించుకున్న మీర్జాయెవ్‌లు బోలెడు. పారశీకం రాజభాషగా చెల్లిన చోటల్లా ఈ మాట పాకింది. ఏ మతంవాడి తలుపు తడుతున్నానా అని చూసుకోలేదు.

మీ శీర్షికలో లేనిది, నాకు అన్నిటికంటే ముచ్చటైనది ఇంకొకటుంది. మీర్జా మగవాళ్లకిచ్చిన బిరుదు. ఈ రోజు ప్రపంచానికి ఆ పేరు ఎక్కువగా తెలిసింది ఆడవాళ్ల వల్ల. గణితంలో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న మొదటి మహిళ, టెహ్రాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీ. 2014లో ఆ పతకం వచ్చింది, 2017లో నలభై ఏళ్లకే క్యాన్సర్ తీసుకుపోయింది. ఇరాన్‌లో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా సంగతి వేరే చెప్పాలా? 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, అదే ఏడాది మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ గెలిచింది. ఆ వేళ మీ మొదటి పేజీలో ఎంత పెద్ద అక్షరాలు వేశారో నాకింకా గుర్తే.

వచ్చే ఆదివారం సవరణ వేయగలరు. పనిలో పనిగా ఇంకో మాట. మీ ఆ పేజీలోనే ఒకచోట ‘మీర్జా’, ఇంకోచోట ‘మిర్జా’ అని పడింది. పారశీకంలో మొదటి అచ్చు దీర్ఘమే, గుడిదీర్ఘం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి,
విజయనగరం