మన సంఘం వార్షిక నివేదిక: టెండర్ల చట్టం కోసం చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా జరిపే కంటి వైద్య శిబిరం, బడిపిల్లలకు పుస్తకాల పంపిణీ ఈసారీ సక్రమంగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదివి వినిపిస్తారు. కార్యవర్గం ఈ ఏడాది ఎక్కువగా తిరిగింది, చదివింది, రాసింది ఒక్క విషయం మీదే. పంచాయతీలు, మున్సిపాలిటీలు, ప్రభుత్వ శాఖలు పిలిచే టెండర్లన్నిటికీ వర్తించే చట్టం మన ఆంధ్రప్రదేశ్‌కు కావాలని అడుగుతున్నాం. ఇంత పెద్ద విషయం మనకెందుకని కొందరు సభ్యులు అన్నారు. వానొస్తే పొంగే కాలువా, ఏడాది తిరక్కుండానే గుంతలు పడే సీసీ రోడ్డూ టెండరు కాగితంతో మొదలైనవే కదా!

జిల్లాలో జరిగిన ఒక కాలువ పని సంగతి చెప్పాలి. ఆ వీధిలోని మన సభ్యులు సమాచార హక్కు చట్టం కింద అంచనా, అగ్రిమెంటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు అడిగారు. 30 రోజుల గడువు దాటినా జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాక కాగితాలు వచ్చాయి. కాలువ అడుగున 10 సెంటీమీటర్ల మందం కాంక్రీటు బెడ్డు వేయాలని అంచనాలో ఉంది. అంత మందమూ వేసినట్టే ఎం-బుక్‌లో కొలతలు ఎక్కాయి. ఇంజినీరుగా రిటైరైన మన సభ్యులొకరు, ఇంకా పూడ్చని చివరన కాలువలోకి దిగి టేపు పెట్టి చూశారు. గోడ కింద గట్టిగా కుదించని ఇసుక, దాని మీద పలుచటి సిమెంటు పూత, అంతే. ప్రభుత్వ పనిని స్వయంగా పరిశీలించే హక్కు, అందులో వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా 2005 నాటి ఈ సమాచార హక్కు చట్టం ఇచ్చింది. మేం నమూనా అడిగిన తర్వాత ఆ భాగం పగలగొట్టి మళ్లీ వేశారు. ముందు చెల్లించిన బిల్లు మాటేమిటన్నదానికి మాత్రం ఇప్పటికీ సమాధానం లేదు. సభ్యులు గుర్తుంచుకోండి: ఈ దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

ఉమ్మడి రాష్ట్రం 2003లోనే ఆన్‌లైన్‌లో టెండర్లు వేసే ఈ-ప్రొక్యూర్‌మెంటు తెచ్చింది. టెండరు పెట్టె దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి, ఎదుటివాణ్ణి షెడ్యూలు వేయనివ్వని రోజులు చూసినవాళ్లకు ఆ మార్పు విలువ తెలుసు. కానీ ఆన్‌లైన్ వేదిక టెండరు వేయడాన్నే సరిచేసింది. అంతకుముందు ఒకరికే సరిపోయేలా అర్హత నిబంధనలు రాసినా, తర్వాత కొలతలు తప్పుగా ఎక్కించినా అది పట్టుకోలేదు. పనిని ముక్కలు చేసి, టెండరు లేకుండా నామినేషన్ మీద నేరుగా ఇచ్చేస్తే అసలు ఆ వేదిక దాకా రానే రాదు. టెండరు పత్రాలను ముందే న్యాయమూర్తి పరిశీలించాలంటూ 2019లో వచ్చిన జుడీషియల్ ప్రివ్యూ చట్టం 100 కోట్లు, ఆపైన విలువైన ప్రాజెక్టులనే చూసింది. మన వీధి పనులు ఆ లెక్కలోకి ఎప్పుడొస్తాయి?

తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకతకు చట్టాలు చేసుకున్నాయి. అక్కడ టెండర్ల ప్రకటనలు వెలువరించే జిల్లా స్థాయి టెండరు బులెటిన్ ఉంది, టెండరు నిర్ణయం మీద అప్పీలుకు దారి ఉంది. రాజస్థాన్ 2012లో చేసింది. అదే ఏడాది లోక్‌సభలో పెట్టిన కేంద్ర బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. మన దగ్గర ప్రభుత్వ ఖర్చుల నియమావళి అయిన ఫైనాన్షియల్ కోడు, ఎప్పటికప్పుడు వచ్చే జీవోలే ఆధారం. జీవోను ఇంకో జీవోతో మార్చేయొచ్చు. అమెరికాలో న్యాయవాదుల సంఘం రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ప్రభుత్వ కొనుగోళ్ల నమూనా కోడు 1979లోనే రాసి, 2000లో సవరించింది. టెండరు మీద సకాలంలో అభ్యంతరం వస్తే, అది తేలేదాకా పని అప్పగించడం ఆపాలన్నది అందులోని నియమం. ప్రభుత్వ ముఖ్య ప్రయోజనాలు కాపాడడానికి ఆలస్యం చేయకూడదని రాతపూర్వకంగా తేలిస్తే మినహాయింపు ఉంది. మాకు బాగా నచ్చిన నియమం ఇదే.

చిన్న కాంట్రాక్టర్లతోనూ కూర్చున్నాం. వాళ్లను దొంగల్లా చూడడం న్యాయం కాదని సంఘం అభిప్రాయం. బిల్లులు ఏళ్ల తరబడి ఆగితే, వడ్డీలు కట్టలేనివాళ్లు టెండర్లు వేయడం మానేస్తారు. మిగిలినవాళ్లు రింగు కడతారు, అంటే ధరలు ముందే కూడబలుక్కుంటారు. చిన్న పరిశ్రమల నుంచి కొన్న సరుకుకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. పనుల కాంట్రాక్టులకు అది వర్తిస్తుందా అన్నదానిపై కోర్టుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. కొత్త చట్టంలో బిల్లు చెల్లింపు గడువు స్పష్టంగా ఉండాలని అందుకే అడిగాం.

తుపాన్ల సంగతి మనకు కొత్త కాదు. హుద్‌హుద్, తిత్లీ లాంటి విపత్తుల్లో టెండరు పిలిచే వ్యవధి ఉండదు, నామినేషన్ తప్పదు. అలాంటప్పుడు ఎవరికి, ఎంతకు, ఏ కారణంతో ఇచ్చారో వెంటనే ప్రకటించాలన్నది మన వినతిపత్రంలో మరో అంశం.

వినతిపత్రాన్ని కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల కార్యక్రమంలో అందించి, రశీదు తీసుకున్నాం. నకళ్లు జిల్లా శాసనసభ్యులకు పంపాం. ఇంకా ఎవరి నుంచీ రాతపూర్వక జవాబు రాలేదు.

వచ్చే ఏడాది బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి, గజపతినగరంలో ఎం-బుక్ చదవడం నేర్పే తరగతులు పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనిపై సర్వసభ్య సమావేశంలో తీర్మానం ఉంటుంది. వచ్చేటప్పుడు మీ వీధిలో జరుగుతున్న పని బోర్డు ఫొటో తీసి తీసుకురండి. బోర్డే లేకపోతే పని జరుగుతున్న చోటి ఫొటో తెండి, మొదటి సమాచార హక్కు దరఖాస్తు సమావేశంలోనే కూర్చుని రాద్దాం.

ఇట్లు,
కార్యదర్శి