ఫిర్యాదు: నేను పాస్‌వర్డ్ మర్చిపోలేదు

తెనాలి,
28 ఏప్రిల్ 2025

కస్టమర్ కేర్ విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: మార్చి 4 అప్‌డేట్ తర్వాత తెరుచుకోని వాల్ట్ (ఫైళ్లకు తాళం వేసి దాచే మీ సాఫ్ట్‌వేర్ పెట్టె), 55 రోజులుగా పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

నేను పాస్‌వర్డ్ మర్చిపోలేదు. ఇప్పటిదాకా మీ మనుషులు పదకొండు మంది నాతో మాట్లాడారు. అందులో పదిమంది ఇదే మాట నా నెత్తిన రుద్దారు కాబట్టి ఉత్తరం ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. ఆరేళ్లుగా పొద్దున్నే షాపు తీసి, దీపం పెట్టి, కుర్చీలో కూర్చోగానే కొట్టే పాస్‌వర్డ్ అది. మార్చి 3 రాత్రి కూడా దాంతోనే ఫైళ్లు తెరిచి, పని చూసుకుని మూసి ఇంటికెళ్లాను. 4వ తేదీ పొద్దున నన్ను అడక్కుండానే మీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి కూర్చుంది. అప్పటి నుంచి 'తప్పు పాస్‌వర్డ్' అనే ఎర్ర అక్షరాలే కనిపిస్తున్నాయి.

నాది డీటీపీ షాపు. జనం వీలునామాలు, పంపకాల చిత్తు కాగితాలు, పుస్తకాల రాతప్రతులు నన్ను నమ్మి నా చేతిలో పెడతారు. ఆ నమ్మకం నిలబెట్టుకోవాలనే 2016లో మీ సాఫ్ట్‌వేర్ కొన్నాను. తొమ్మిదేళ్లలో ఒక్క ఏడాది కూడా డబ్బు కట్టడం ఆలస్యం చేయలేదు, షాపు మూసుకున్న కరోనా రోజుల్లో కూడా కట్టాను. తెనాలి, గుంటూరు, విజయవాడల్లో నా మాట మీద మీ సాఫ్ట్‌వేర్ కొన్న షాపులు పద్నాలుగున్నాయి. వాళ్లకి ఇప్పుడు మొహం ఎలా చూపించాలి?

మొదట మీ చాట్‌లో రాశాను. యంత్రం జవాబిచ్చింది: క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందేమో చూడండి అని. నా పాస్‌వర్డ్ తెలుగులో ఉంది. తెలుగుకి క్యాపిటల్ అక్షరాలు లేవు. అదే రాస్తే మళ్లీ అదే జవాబు.

తర్వాత ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించారు. ఒకాయన వచ్చి హిందీలో మాట్లాడాడు, నాకొచ్చిన హిందీలో చెప్పుకున్నాను. "పాస్‌వర్డ్ ఏ భాషలో ఉంది సార్?" అన్నాడు. తెలుగు అన్నాను. "ఒక్క నిమిషం" అన్నాడు, లైను పోయింది. మర్నాడు ఇంకొకాయన. మొదటి నుంచి మళ్లీ చెప్పాను. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యమన్నాడు, చేశాను, లాభం లేదు. మూడో ఆయన వైరస్ పట్టిందన్నాడు. నాలుగో ఆయన పాస్‌వర్డ్ తనకే చెప్పమన్నాడు, కొట్టి చూస్తాడట! మీ వాళ్లెవరూ ఎప్పటికీ పాస్‌వర్డ్ అడగరని మీ బిల్లు మీద మీరే అచ్చేస్తారు. ఇంకొకరు పెద్ద ప్లాన్ కొంటే త్వరగా చూస్తామన్నారు. మీ వల్ల పోయిన ఫైళ్ల కోసం మళ్లీ నేనే డబ్బు కట్టాలా?

ఒక్క అమ్మాయి మాత్రం విన్నది. ఏడో ఫోన్‌లో, తెలుగులో మాట్లాడింది. మధ్యలో ఆపకుండా అంతా విని, రాసుకుని, "మీరు చెప్పేది నాకు సబబుగానే అనిపిస్తోందండీ, సీనియర్లకు పంపుతాను, రెండ్రోజుల్లో ఫోన్ వస్తుంది" అంది. ఆ ఫోన్ రాలేదు. ఆ అమ్మాయికే కలపమంటే అలా కుదరదన్నారు. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. ఆమె రాసిన కాగితాన్ని తొక్కిపెట్టిన వాళ్ల మీదే నా కోపమంతా.

ఆ వారమే రాత్రి 11:40కి మీ నుంచి మెయిల్ వచ్చింది. మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసేస్తున్నాం, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని. నా ఫిర్యాదును మీరు ఇలా మూసేయడం నాలుగుసార్లు జరిగింది. మూసినప్పుడల్లా కొత్త నంబరు, కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి అదే కథ.

మీరు పట్టించుకోలేదు కాబట్టి రాత్రుళ్లు కూర్చుని నేనే వెతికాను. నా దగ్గర మూడు వాల్టులున్నాయి. ఇంగ్లీషు పాస్‌వర్డ్ పెట్టిన రెండూ ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి. తెలుగు పాస్‌వర్డ్ ఉన్నది ఒక్కటే మొరాయిస్తోంది. ఆ పాస్‌వర్డ్‌లో ఐత్వం ఉన్న మాట ఉంది. 22 ఏళ్లుగా తెలుగు ఫాంట్లతో కుస్తీ పడుతున్నవాణ్ణి, అనుమానం అక్కడే తగిలింది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో 'చై' రెండు రకాలుగా రాయొచ్చు. ఐత్వానికి ఒకే సంకేతం వాడొచ్చు. లేదంటే ఎత్వం పెట్టి, దాని కింది గుర్తును విడిగా ఇంకో సంకేతంగా చేర్చొచ్చు. కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కి మాత్రం ఆ ఐత్వం ఒక రకంలో మూడు బైట్లు, రెండో రకంలో ఆరు బైట్లు. ఆ బైట్ల నుంచే వాల్ట్ తెరిచే తాళంచెవి తయారవుతుంది కనుక ఒక్క గుర్తు మారితే తాళంచెవి మొత్తం మారిపోతుంది.

మీ కొత్త వెర్షన్‌లో ఒక ఖాళీ వాల్ట్ చేసి, పాస్‌వర్డ్‌ను ఒక రకంగా పెట్టి రెండో రకంగా కొట్టాను. తెరుచుకుంది! అంటే నేను కొట్టింది కొట్టినట్టు తీసుకోకుండా మీ కొత్త వెర్షన్ లోపల మార్చేస్తోంది. నా కీబోర్డ్ ఐత్వాన్ని ఎప్పుడూ ఒకే సంకేతంగా కొడుతుంది, పాత వెర్షన్ దాన్ని అలాగే తీసుకునేది. ఇప్పుడు మీరు దాన్ని రెండుగా విడగొట్టి తాళంచెవి చేస్తున్నారు. ఇక నేను ఎలా కొట్టినా పాత తాళంచెవి రాదు. ఏ భాషలోనైనా పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చని మీ సహాయ పుస్తకంలో మీరే రాశారు, దాన్ని నమ్మి పెట్టుకున్నాను. ఇదంతా బొమ్మలతో సహా మార్చి 27న మీకు మెయిల్ చేశాను. వచ్చిన జవాబు: పాస్‌వర్డ్ మర్చిపోయినవారికి మేము సాయం చేయలేము.

బ్యాకప్ లేదా అని అడిగారు. ఉంది, మూడు చోట్ల ఉంది. మూడూ తాళం వేసి ఉన్న ఆ పెట్టె నకళ్లే.

ఆ పెట్టెలో ఏముందో మీలో ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. 84 ఏళ్ల మాస్టారు ఒకాయన రాసుకున్న 340 పేజీల జ్ఞాపకాలున్నాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు ఆయన అక్కడి బడిలో పంతులు. ఆ రాత్రి పోయిన తన పిల్లల పేర్లు, ఇంటిపేర్లతో సహా, ఏ పిల్లాడు ఏ బల్ల మీద కూర్చునేవాడో కూడా రాశారు. ఎనిమిది నెలలు టైపు చేశాను. కొన్ని పేర్ల దగ్గర ఆయన కాసేపు ఆగిపోతే నేనూ వేళ్లు తీసేసి కూర్చునేవాణ్ణి. చేతిరాత నోటు పుస్తకాలు విజయవాడలో కొడుకు ఇంట్లో ఉండేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు అవి నానిపోయి ముద్దయ్యాయి. "పోతే పోయాయిలేరా, నీ దగ్గర ఉన్నాయిగా" అన్నారు అప్పుడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తారు. "ఏరా అబ్బాయ్, తెరుచుకుందా?" అంటారు. 55 రోజులుగా లేదు మాస్టారూ అని చెబుతున్నాను. ఆయన ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాకు డబ్బు వెనక్కి అక్కర్లేదు. ఫిబ్రవరి నాటి పాత వెర్షన్ ఒక్కటి పంపండి, లేదా పాస్‌వర్డ్‌ను కొట్టింది కొట్టినట్టు తీసుకునేలా ఒక దారి పెట్టండి. నేను చెప్పిందే నిజమైతే ఫైళ్లు చెక్కుచెదరకుండా లోపలే ఉన్నాయి. మీ సైటులో కొత్తది తప్ప పాతది దొరకడం లేదు. ఇచ్చేది మీరొక్కరే.

మే 5 లోపల మీ ఇంజినీరు నాతో నేరుగా మాట్లాడకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడితో ఆగను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉన్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. గుంటూరు వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. మీ నాలుగు 'పరిష్కారమైంది' మెయిళ్లు, పాస్‌వర్డ్ అడిగిన ఫోన్ తేదీ, సమయం అన్నీ దాచాను. ఆ పద్నాలుగు షాపులకీ నేనే స్వయంగా వెళ్లి, తెలుగు పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు ఈ అప్‌డేట్ వేసుకోవద్దని చెబుతాను. మాస్టారిని తీసుకుని మీ హైదరాబాద్ ఆఫీసు గుమ్మంలో కూర్చోవాల్సి వస్తే అక్కడికీ వస్తాను.

నా నంబరు తొమ్మిదేళ్లుగా మీ దగ్గరుంది. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా షాపులోనే ఉంటాను. చేసేవాళ్లు సాయంత్రం ఐదు లోపల చేయండి.

ఇట్లు,
2016 నుంచి మీ ఖాతాదారు,
డీటీపీ సెంటర్, తెనాలి