బంగారి తోక మళ్ళీ వచ్చింది: ఆదుకున్న వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా బంగారి, ఇంట్లో పెంచుకునే లెపర్డ్ గెకో అనే జాతి బల్లి. దాని తోక ఊడిపోయి ఈ రోజుకు పదకొండు వారాలు. ఈ పదకొండు వారాల్లో వేళగాని వేళ ఫోను చేసినా విసుక్కోకుండా మాట్లాడినవారు ఉన్నారు, దగ్గర కూర్చుని గాయం చూసినవారు ఉన్నారు, అడగకముందే మేత పురుగులు తెచ్చి ఇచ్చినవారు ఉన్నారు. అప్పటికప్పుడు నోటిమాటగా చెప్పిన ధన్యవాదాలు చాలవనిపించి, ఎవరి వల్ల ఏ మేలు జరిగిందో వివరంగా రాస్తున్నాను.

ఆ సాయంత్రం గాజుపెట్టె శుభ్రం చేసి, జరిపే తలుపు మూస్తున్నప్పుడు బంగారి తోక సందులో ఉన్న సంగతి నేను గమనించలేదు. తప్పు పూర్తిగా నాదే. అది ఒక్కసారి గింజుకుని గూట్లోకి దూరింది. తోక మాత్రం నా కళ్ళముందే కింద పడి, ఒడ్డున పడ్డ చేపపిల్లలా చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది. గోడ మీది బల్లి తోక వదిలేయడం చిన్నప్పటి నుంచి చూసినదే అయినా, ఆరేళ్ళుగా నా అరచేతిలో పెరిగిన ప్రాణికి ఆ గతి పట్టేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఊడిన తోకను అతికించవచ్చని ఎవరో చెబితే దాన్ని తడిగుడ్డలో చుట్టి కూడా పెట్టాను.

మొదటి కృతజ్ఞత, నేను అన్నయ్యా అని పిలుచుకునే, ఎన్నో ఏళ్ళుగా గెకోలను పెంచుతున్న పెద్దమనిషికి. "ముందు నువ్వు కూర్చో, తరువాత చెబుతాను" అన్నారు. రక్తం ఎంత పోయిందని అడిగారు. రెండు మూడు చుక్కలే అన్నాను. అప్పుడు ఆయన చెప్పిన మాటలే నన్ను నిలబెట్టాయి. తోక తెగిపోలేదనీ, బంగారే దాన్ని వదిలేసిందనీ, లెపర్డ్ గెకో తోకలోని వెన్నుపూసల్లో విడిపోవడానికి వీలుగా ముందే పగుళ్ళవంటి గీతలు ఉంటాయనీ, కండరాలు బిగుసుకుని అక్కడే విడిపోతాయనీ, వెంటనే రక్తనాళం కూడా ముడుచుకుపోతుంది కనుక రక్తం పెద్దగా కారదనీ వివరించారు. శత్రువు కొట్టుకుంటున్న తోకను చూస్తూ ఉండిపోతే ప్రాణి తప్పించుకుంటుంది. అతికించే ఆలోచన మానుకొమ్మని గట్టిగా చెప్పారు, ఎందుకంటే ఒకసారి వదిలిన తోక మళ్ళీ అతకదు; అతికించబోతే గాయంలో చీము పట్టడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

నిజానికి ఆ రాత్రి ఆయన చేసిన అసలైన మేలు, నా చేతులను కట్టడి చేయడం. కట్టు కట్టవద్దన్నారు, తేమ నిలిచి గాయం చెడుతుందని. మనుషులు వాడే నొప్పి పూతమందులు రాయవద్దన్నారు. వాటిలో తిమ్మిరెక్కించే మందు ఉంటే గెకోకు ప్రమాదం. అడుగున ఉన్న మట్టి, ఇసుక అన్నీ తీసేసి తెల్ల టిష్యూ కాగితం పరచమనీ, దాన్ని రోజూ మార్చమనీ, తడి గూట్లో కూడా నాచుకు బదులు తడిపిన కాగితమే పెట్టమనీ చెప్పారు. వెచ్చని వైపు నేల వేడి 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర తగ్గకుండా చూడమన్నారు, ఎందుకంటే ఒంటికి వేడి బయటి నుంచే అందాలి కనుక ఆ వేడి లేకపోతే గాయం మానడమూ నెమ్మదిస్తుంది, తిన్నది కూడా అరగదు. చేతిలోకి తీసుకోవడం పూర్తిగా మానేయమన్నది నాకు అన్నిటికన్నా కష్టమైన షరతు.

మరునాడు చూసిన పశువైద్యురాలికి నా రెండవ నమస్కారం. భూతద్దం కింద గాయాన్ని నాకూ చూపించారు. విడిపోయిన కండరాలు పూరేకుల్లా చుట్టూ తేలి, మధ్యలో చిన్న చుక్కంత ఎముక కనిపించింది. మొండిగా తెగినట్టు కాక, ఎవరో కొలిచి విడదీసినట్టు ఉంది. కుట్లు అవసరం లేదన్నారు. కాగితపు పీచు అంటుకుంటే, గాయాలు శుభ్రం చేసే పోవిడోన్ అయోడిన్ మందును పలుచని టీ రంగు వచ్చేంతగా నీళ్ళలో కలిపి అద్దితే చాలనీ, వాపు, దుర్వాసన, చీము, లేదా నలుపు ఒంటివైపు పాకడం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా తీసుకురమ్మనీ చెప్పారు. ప్రతి వారం బరువు చూసి రాయమన్నది కూడా ఆవిడే. తోకలో దాచుకున్న కొవ్వే ఈ జాతికి కరువుకాలపు గాదె. అది పోవడంతో 61 గ్రాముల బంగారి 52 గ్రాములకు దిగింది.

నాలుగు రోజులు అది ఏమీ తినలేదు. ఐదవ రోజున తాను పెంచుకునే కీచురాళ్ళను డబ్బాలో పెట్టి తెచ్చిన తమ్ముడికి నేను ఎంతో ఋణపడి ఉన్నాను. ఆ తరువాత కూడా వారం వారం తెచ్చాడు. కాల్షియం, డి3 విటమిన్ పొడి అద్ది పెట్టడం, కొవ్వెక్కువగా ఉండే మైనపు పురుగులను వారానికి ఒకటి రెండుకు మించి ఇవ్వకపోవడం అతను నేర్పినవే. తినకుండా మిగిలిన కీచురాయిని రాత్రి పెట్టెలో వదిలేయవద్దని, అది పచ్చి గాయాన్ని కొరుకుతుందని హెచ్చరించిందీ అతనే. ఆ ముక్క నాకు ఎక్కడా తట్టి ఉండేది కాదు.

ఎనిమిదవ రోజున పొక్కు రాలింది, కింద గులాబి రంగు నునుపైన చర్మం. రెండు వారాలకు మధ్యలో గోరు చివరంత నల్లని మొన లేచింది. ఆ ఉదయం ఇంట్లో అందరినీ లేపి చూపించాను. అక్కడి నుంచి తోక కళ్ళముందే పెరిగింది. కుబుసం విడిచిన రోజున మొన మీద పొర ఉంగరంలా బిగిసి మిగిలిపోతే, తీయకపోతే రక్తం ఆడక చివర ఎండిపోతుందని అన్నయ్య ముందే చెప్పి ఉండడం వల్ల, గోరువెచ్చని తడి దూదితో నెమ్మదిగా మెత్తబరచి తీయగలిగాను.

కొత్త తోక పాతదానిలా లేదు. పొట్టిగా, మొదట్లో ఉబ్బి ముల్లంగి దుంపలా ఉంది. పాత తోక మీది గరుకు బుడిపెలు లేవు, నలుపు పట్టీలకు బదులు చెదిరిన చుక్కలున్నాయి. లోపల వెన్నుపూసలకు బదులు మృదులాస్థి గొట్టమే ఉంటుందని డాక్టరు గారు చెప్పారు. కొత్త భాగంలో విడిపోయే గీతలు ఉండవు కనుక, ఇంకోసారి తోక వదలాలంటే పైనున్న పాత వెన్నుపూస దగ్గరే వదలాలి. ఈ సందర్భంలో క్రెస్టెడ్ గెకో పెంచేవారికి ఒక మాట చెప్పాలి: ఆ జాతికి తోక ఒకసారి పోతే మళ్ళీ రాదు, అలాగని వాటికి ఇబ్బందీ ఉండదు. నాలుగు వారాలైనా మొలక రాలేదని అదే జాతి పెంచే నా మిత్రురాలు కంగారుపడితే, అన్నయ్య నేర్పిన ఈ సంగతే చెప్పి ఊరడించగలిగాను.

అన్నయ్యా, డాక్టరు గారూ, తమ్ముడూ, మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాది తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. డాక్టరు గారు అడిగిన ఈ వారం బరువు 60 గ్రాములు. నిన్న సాయంత్రం కాగితం తీసి అడుగున పలక వేశాను; తలుపు అంచున మెత్తని పట్టీ అంటించి, మూసే ముందు తోక ఎక్కడుందో చూసి, ఆ తరువాతే జరుపుతున్నాను.