కలివి పండు తిను, వేరు జోలికి పోవద్దు

చిరంజీవి పాపకు అమ్మ ఆశీస్సులు.

కడుపులో మంటకు కలివి వేరు కషాయం మంచిదని హాస్టల్లో ఎవరో చెప్పారన్నావు. వద్దంటే వద్దని అన్నానే గానీ, ఎందుకో చెప్పేలోపే ఫోన్ కట్టయింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అందుకే వివరంగా రాస్తున్నాను.

కలివి వేరు మందే, కాదనను. గొర్రెకు పుండై పురుగులు పడితే మీ తాత ఆ వేరును నూరి పైన పట్టు వేసేవాడు. ఆ పైపూత వరకే. ఇంట్లో ఎవరికీ లోపలికి ఇచ్చింది లేదు. కలివి గన్నేరు కుటుంబపు మొక్క, కొమ్మ విరిస్తే తెల్లగా పాలు కారతాయి చూడు. దాని వేరులో గుండె మీద పనిచేసే పదార్థాలున్నాయి. గుప్పెడు వేరు తెచ్చి కాచుకుని తాగడం ప్రాణంతో ఆట. ఎవరు చెప్పినా వినొద్దు.

కాయ సంగతి అలా కాదు. మన కడప వైపు లంకమల, పాలకొండల పక్క ఊళ్లలో పుట్టినవాళ్లకు కలివి పండు గురించి చెప్పాల్సిన పని లేదనుకో. కానీ పచ్చికాయకు, పండుకు గుణంలో చాలా తేడా ఉంది. ఆయుర్వేదంలో దీన్ని కరమర్దం అంటారు. పచ్చికాయ పులుపు, వేడి, పిత్తం పెంచుతుంది. పండితే తీపెక్కి, తేలిగ్గా అరిగి, పిత్తాన్ని అణుస్తుంది. అందుకని మంట తగ్గేదాకా నువ్వు పచ్చికాయ, ఊరగాయ ముట్టుకోవద్దు. బాగా నల్లబడిన పండ్లు దొరికితే ఓ గుప్పెడు తిను, అదీ అన్నం తిన్నాక. జ్వరం పడి లేచి నోటికి ఏదీ సయించనప్పుడు మా అమ్మ ఈ పండ్లే చేతిలో పెట్టేది. నిజంగానే ఆకలి పుట్టేది.

ఆరోగ్యం కుదుటపడ్డాక పప్పు చేసుకో. అక్కడ మార్కెట్లో కలివి దొరకదు గానీ వానాకాలంలో వాక్కాయ దొరుకుతుంది. అది దీని పెద్దక్క లాంటిది, వండే తీరు ఒకటే. కాయల్ని రెండుగా కోసి గింజలు తీసెయ్. కోసేముందు చేతికి, కత్తికి కాస్త నూనె రాసుకో, లేకపోతే పాలు అంటుకుని జిగురు ఓ పట్టాన వదలదు. కోసిన ముక్కల్ని నీళ్లలో వేసి రెండుసార్లు కడుగు. కందిపప్పు మెత్తగా ఉడికిన తర్వాతే ముక్కలు, పచ్చిమిరపకాయలు వెయ్యాలి. ముందే పులుపు పడితే పప్పు ఎంతసేపున్నా బిరుసుగానే ఉంటుంది. చింతపండు అక్కర్లేదు. ముక్క వేళ్ల మధ్య నలిగేంత మెత్తబడ్డాక ఉప్పు వేసి పప్పుగుత్తితో మెదిపి, వెల్లుల్లి, ఎండుమిర్చితో తాలింపు పెట్టు. సంగటిలోకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. మీ నాన్న మాత్రం రోట్లో నూరిన పచ్చడే గొప్ప అంటాడు. పులిహోర కూడా చేస్తారు గానీ నాకంత నచ్చదు.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు మన చేను గట్టు మీద పొదల్లో కోసుకుందాం. కొమ్మలు విరవకుండా, చీలిన ముళ్లు చూసుకుంటూ ఒక్కొక్కటే తెంపాలి. అభయారణ్యంలోకి మాత్రం పోవద్దు. అక్కడ పుల్ల విరిచినా నేరమే, అలా ఉండటమే మంచిది కూడా. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు పక్షి శాస్త్రవేత్త లోకానికి చెప్పిన కలివి కోడి అనే పిట్ట, 1900 తర్వాత కనబడక అంతరించిందనే అనుకున్నారు. 1986లో మళ్లీ బయటపడింది మన కడప జిల్లాలోనే, ఈ ముళ్ల పొదల మధ్యనే. పగలంతా పొదల నీడన దాగి రాత్రి పూట తిరిగే పిట్ట అది. పొదలు కొట్టేస్తే ఇక ఎక్కడికి పోతుంది? గొడ్డలి పట్టుకుని కొండెక్కేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

రేపే డాక్టరుకు చూపించుకో. రాత్రిళ్లు ఆలస్యంగా తినడం, పొద్దున టీతోనే కడుపు నింపుకోవడం కూడా దాచకుండా చెప్పు. ఏమన్నారో సాయంత్రం ఫోన్ చెయ్యి, మీ నాన్న కూడా ఇంట్లోనే ఉంటాడు.

ప్రేమతో,
అమ్మ