మొబైల్ స్టార్టర్ మొరాయిస్తే సిమ్‌ను తిట్టకండి

సంపాదకుల వారికి,

సిమ్ ఉండి, ఫోన్ చేస్తే బోరు మోటారును ఆన్, ఆఫ్ చేసే డబ్బానే మొబైల్ స్టార్టర్. దానికి ఫోన్ చేస్తే ‘స్విచ్ఛాఫ్’ అని వస్తే రైతులు ముందు సిమ్‌నే అనుమానిస్తున్నారు. కంపెనీ మారుస్తారు, యాంటెన్నాను గడకర్రకు కడతారు. కానీ చాలా డబ్బాల్లో అసలు లోపం మోడెమ్‌కు (సిమ్‌తో టవరును కలిపే మాడ్యూలుకు) అందే కరెంటులోనే ఉంటోంది. వీటిని బిగించే చిన్న యూనిట్లూ, బాగుచేసే మెకానిక్‌లూ దీన్ని పట్టించుకోవాలి.

సిమ్800ఎల్ లాంటి 2జీ మాడ్యూలుకు 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి. టవరుతో మాట్లాడేటప్పుడు అది ప్రతి 4.6 మిల్లీసెకన్లకోసారి, అర మిల్లీసెకను పైచిలుకు సేపు, 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సగటు తీస్తే పావు ఆంపియరే. మల్టీమీటరు చూపేది సగటునే కాబట్టి 4 వోల్టులూ నిలకడగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ అర మిల్లీసెకనులో వోల్టేజి 3.4 కిందికి జారితే మాడ్యూలు తనంతట తానే ఆగిపోతుంది. టవరు దగ్గరి షాపులో తక్కువ పవరు సరిపోతుంది, అందుకే అక్కడ బాగానే పనిచేసి చేలోకి వెళ్లాక మొరాయిస్తుంది.

అన్నిటికన్నా గడ్డు సమయం త్రీఫేజ్ వచ్చిన మొదటి నిమిషం. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీది ఆటో స్టార్టర్లన్నీ మోటార్లను ఆన్ చేస్తాయి, లైను వోల్టేజి కుంగిపోతుంది. మోడెమ్ నెట్‌వర్క్ కోసం గట్టిగా వెతికేదీ అప్పుడే.

వోల్టేజిని నిలకడగా ఉంచే 7805 రెగ్యులేటర్‌కు ఒక డయోడు తగిలించి 4.3 వోల్టులు తీయడం మానుకోవాలి. అది 1 ఆంపియరు రకం, పైగా వేడెక్కుతుంది. ఎల్‌ఎం2596 లాంటి స్విచింగ్ రెగ్యులేటర్ వాడి, మాడ్యూలు కలపకముందే మీటరు పెట్టి 4 వోల్టులకు స్క్రూ తిప్పాలి. డబ్బా లోపలి ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (వోల్టేజి బయటికిచ్చే చుట్ట) 12 వోల్టులుండాలి. రెండు ఫేజుల మధ్య 415 ఉండాల్సింది 300కు పడినా డీసీ 10 వోల్టులు మిగులుతుంది. 6 వోల్టుల సెకండరీ అయితే 5 కూడా రాదు, రెగ్యులేటర్ చేసేదేమీ ఉండదు.

కరెంటు దాచి క్షణంలో అందించే కెపాసిటర్ లెక్క కూడా చూడండి. రెగ్యులేటర్ 1 ఆంపియరే అందించగలిగితే మిగతా ఆంపియరు కెపాసిటరే ఇవ్వాలి. 1000 మైక్రోఫారడ్లయితే 0.58 వోల్టు పడుతుంది, 4 కాస్తా 3.42 అవుతుంది. అంటే అంచు మీద నిలబడ్డట్టే. 2200 వేస్తే పడేది 0.26 మాత్రమే. అది లో ఈఎస్‌ఆర్ (లోపలి అడ్డు తక్కువున్న) రకం, 105 డిగ్రీలది అయ్యుండాలి. మే నెల ఎండలో ఇనుప డబ్బాలో 85 డిగ్రీల కెపాసిటర్ త్వరగా ఎండిపోతుంది. పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్‌దీ ఒకటి, రెండూ మాడ్యూలు కాళ్లకు ఆనుకునే ఉండాలి. సన్నని జంపర్ వైర్లతో సప్లై తెస్తే వైరులో, పిన్నులో కలిపి 0.2 ఓము అడ్డున్నా 2 ఆంపియర్ల దగ్గర 0.4 వోల్టు అక్కడే పోతుంది. పొట్టి, లావు వైరు నేరుగా సోల్డర్ చేయాలి.

మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ కాయిల్ వదిలినప్పుడు వచ్చే స్పైకు (క్షణకాలపు ఎక్కువ వోల్టేజి) కూడా మోడెమ్‌ను రీసెట్ చేస్తుంది. కాయిల్‌కు అడ్డంగా 100 ఓముల రెసిస్టరు, కాయిల్ వోల్టేజికి సరిపడే ఏసీ రేటింగున్న 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్ మీద వాడే రకం) కెపాసిటర్ వరుసగా కలిపి వేయాలి. చిన్న డీసీ రిలేకు 1ఎన్4007 డయోడు చాలు. రెండు ఫేజుల మధ్య 275 వోల్టుల ఎంవోవీ (ఎక్కువ వోల్టేజిని మింగేసే భాగం) పెడితే అది మాడిపోవడం ఖాయం, 510 వోల్టుల ఏసీ రేటింగుది కావాలి.

4జీ మాడ్యూలు వేశాం కాబట్టి ఈ బెడద లేదనుకోకూడదు. 4జీ అందనప్పుడు 2జీకి దిగే రకమైతే అదే 2 ఆంపియర్లు అడుగుతుంది. అమ్మేవారు 300 వోల్టుల దగ్గర, సిగ్నల్ ఒక గీత మాత్రమే ఉన్న చోట ఫోన్ చేసి చూశాకే డబ్బాను రైతుకు ఇవ్వాలి.

– ఒక ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్, అనంతపురం