ట్యూనప్ పేరుతో పాత స్పార్క్ ప్లగ్ వదిలేసి బిల్లు వేసిన సర్వీస్ సెంటర్‌పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఇంజన్ ట్యూనప్‌లో లోపం, మార్చని ప్లగ్‌కు డబ్బు వసూలు

అయ్యా,

మీ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో గత నెల మా పెట్రోల్ కారుకు ట్యూనప్ చేయించాను. బండి 40,000 కిలోమీటర్లు దాటింది, ఓనర్ మాన్యువల్ ప్రకారం ప్లగ్గులు మార్చాల్సిన సమయం. బిల్లులో నాలుగు స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇవి కాక 'ఇంజన్ ట్యూనింగ్' అని విడిగా ఒక చార్జీ వేశారు. అడిగినంతా కట్టాను.

సిటీలో తిరిగినప్పుడు తేడా తెలియలేదు. ఏసీ వేసుకుని నలుగురం విజయవాడ బయల్దేరాం. చౌటుప్పల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేయబోతుంటే బండి జర్క్‌లు కొట్టింది. యాక్సిలరేటర్ తొక్కినా పికప్ లేదు, చెక్ ఇంజన్ లైటు కొట్టుకుంటోంది, వెనక బస్సు హారన్ ఆపడం లేదు. మా అమ్మ వెనక సీట్లో ఉంది. ఆ టెన్షన్ మీకు మాటల్లో చెప్పలేను. ఎలాగో పక్కకు తీసి, నెమ్మదిగా సూర్యాపేట చేరి ఒక మెకానిక్‌కు చూపించాం.

ఆయన స్కానర్ పెడితే పీ0303 వచ్చింది, అంటే మూడో సిలిండర్ మిస్ అవుతోందని, అందులో పెట్రోల్ సరిగా మండటం లేదని. నా కళ్ల ముందే నాలుగు ప్లగ్గులూ విప్పారు. మూడు కొత్తవి. మూడో సిలిండర్‌ది మాత్రం పాతదే: మధ్య ఎలక్ట్రోడ్ అంచులు అరిగి గుండ్రంగా అయిపోయింది, పింగాణీ మీద గోధుమరంగు మరక, నిప్పురవ్వ దూకే గ్యాప్ చూడగానే తెలిసేంత ఎక్కువ. ఆ ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్టర్ లాక్ విరిగి ఉంటే పైన నల్ల టేపు చుట్టేశారు. సర్వీస్‌కు ఇచ్చేముందు ఆ టేపు లేదు. లాక్ విరగ్గానే మీ టెక్నీషియన్ ఆ ప్లగ్ జోలికి వెళ్లకుండా టేపు వేసి మూసేశాడని ఎవరికైనా అర్థమవుతుంది.

గ్యాప్ పెరిగిన ప్లగ్ యార్డులో ఐడ్లింగ్‌లో బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది. లోడ్ పడినప్పుడే మిస్సింగ్ బయటపడుతుంది. అందుకే ట్యూనప్ తర్వాత టెస్ట్ డ్రైవ్ చేయాలి. జాబ్ కార్డులో టెస్ట్ డ్రైవ్ చేసినట్టు టిక్ ఉంది. నిజంగా చేశారా?

తిరిగొచ్చి అడిగితే సర్వీస్ అడ్వైజర్ చెప్పిన సమాధానం నన్ను ఇంకా బాధపెట్టింది. "పెట్రోల్‌లో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం కదా సార్, బంకు మార్చి చూడండి" అన్నారు. నాలుగు సిలిండర్లకూ అదే ట్యాంకు నుంచి పెట్రోల్ వెళ్తుంటే మూడోది ఒక్కటే ఎందుకు మిస్ అవుతుంది? ప్లగ్ చూపించాక మౌనంగా ఉండిపోయారు.

ఆ 'ఇంజన్ ట్యూనింగ్' చార్జీ సంగతి కూడా చెప్పండి. కార్బురేటర్ల కాలంలో స్క్రూ తిప్పి మిక్చర్, డిస్ట్రిబ్యూటర్ జరిపి టైమింగ్ సెట్ చేసేవారు. మా బండిలో ఆ రెండూ ఇంజన్ కంప్యూటరే (ఈసీయూ) చూసుకుంటుంది. మరి ఆ డబ్బు ఏ పనికి తీసుకున్నారో ఎవరూ చెప్పలేకపోయారు.

మిస్ అవుతున్న సిలిండర్ నుంచి కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగలోని కాలుష్యాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అది పాడైతే ఖర్చు ప్లగ్‌తో పోల్చలేనంత. కాబట్టి కన్వర్టర్‌ను, మూడో కాయిల్‌ను మీ ఖర్చుతో చెక్ చేసి రిపోర్టు లిఖితపూర్వకంగా ఇవ్వాలి. విరిగిన కనెక్టర్ మార్చాలి. వేయని ప్లగ్ ధర, ట్యూనింగ్ చార్జీ, సూర్యాపేటలో అయిన ఖర్చు వాపసు చేయాలి. ఇకమీదట తీసిన పాత పార్టులు కస్టమర్ చేతికి ఇవ్వమని ఆ సెంటర్‌కు చెప్పండి.

15 రోజుల్లో సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. పాత ప్లగ్ నా దగ్గర భద్రంగా ఉంది.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరిచినవి: బిల్లు, జాబ్ కార్డు కాపీలు, ప్లగ్గులు, కనెక్టర్ ఫోటోలు, స్కానర్ రీడింగ్