ముగ్గు పోయకముందే

బిడ్డా,

ఘట్‌కేసర్ ప్లాటుకు గీయించిన ప్లాను అందింది. అమ్మా నేనూ పెద్ద సైజులో ప్రింటు తీయించుకుని రెండు రోజులు తీరిగ్గా చూశాం. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, ఆర్కిటెక్టు ముందు కాగితం పెట్టి మాట్లాడితే పని జరుగుతుంది. అందుకే రాస్తున్నాను. పంచాయతీరాజ్‌లో ఇంజనీరుగా ఉన్నన్నాళ్లూ బడులు, ఆఫీసులు, క్వార్టర్లు కట్టించాను. మే నెలలో వాటిలో ఏ గదిలో కూర్చోగలరో, ఏ గదిలో కూర్చోలేరో చూస్తూనే ఉద్యోగం చేశాను.

ప్లాను మీద ‘సస్టైనబుల్ హోమ్’ అని రాసి ఉంది. సోలారు, సెన్సర్ లైట్లు, ఖరీదైన అద్దాలు అన్నీ ఉన్నాయి. నాకు కావాల్సింది మాత్రం ఒకటే. కరెంటు పోయిన మే సాయంత్రం కూడా మీరు ఐదుగురూ ఆ ఇంట్లో హాయిగా ఉండాలి. అందుకు వస్తువులు కొనే ముందు గోడలు, నీడ, గాలి సరిచూసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద సమస్య పడమర. మీ ప్లాటు పడమర ముఖం. ముందు వైపంతా నేల నుంచి రెండో అంతస్తు దాకా అద్దం పెట్టారు, లోపల రెండంతస్తుల ఎత్తు హాలు. వేసవిలో మూడు నుంచి ఆరు దాకా ఎండ నేరుగా ఆ అద్దంలోంచి హాల్లోకి వస్తుంది. మీ అత్తమ్మ కూర్చునేదీ, పిల్లలు ఆడుకునేదీ ఆ హాల్లోనే. కర్టెన్ వేసినా లాభం లేదు, అప్పటికే వేడి అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది. సజ్జా కూడా ఆపలేదు, ఎందుకంటే ఆ వేళకు సూర్యుడు బాగా కిందికి దిగి ఉంటాడు. దక్షిణం అలా కాదు. హైదరాబాద్‌లో నాలుగడుగుల కిటికీకి రెండడుగుల సజ్జా ఉంటే ఉగాది నుంచి దసరా దాకా మిట్టమధ్యాహ్నపు ఎండ అసలు లోపలికి రాదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి కిటికీలో సగం దాకా ఎండ వస్తుంది, చలికి అది కావాల్సిందే. కాబట్టి పెద్ద కిటికీలు దక్షిణానికీ ఉత్తరానికీ మార్చమను. పడమర వైపు మెట్లు, బాత్రూమ్, చెప్పులు విడిచే వరండా పెట్టుకోండి, ఎండ దెబ్బ అవి తింటాయి. గేటు పక్కన ఒక వేపో కానుగో పునాది తీసే రోజే నాటండి. మీరు ఇంట్లోకి వచ్చేనాటికి అది కొంతైనా ఎదుగుతుంది.

ఇక నైరుతి బెడ్రూమ్. వాస్తు ప్రకారం అక్కడే ఉండాలని మీ మామయ్యగారు పట్టుబట్టారని చెప్పావు. ఉంచండి, పెద్దవాళ్ల మనసు కష్టపెట్టొద్దు. కానీ ఆ గదికి దక్షిణం, పడమర రెండు గోడలూ ఎండలోనే ఉంటాయి. సాయంత్రం దాకా ఇటుక పీల్చుకున్న వేడి రాత్రి మీరు పడుకున్నాక లోపలికి వస్తుంది, ఏసీ తెల్లవార్లూ తిరుగుతుంది. ఆ రెండు గోడలకు ర్యాట్ ట్రాప్ బాండ్ అడుగు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు, గోడ మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో గాలి ఉండడం వల్ల వేడి నెమ్మదిగా దిగుతుంది, ఇటుకలు కూడా నాలుగో వంతు దాకా తగ్గుతాయి. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ ఈ పద్ధతిలో ఎన్నో ఇళ్లు కట్టారు. ఆయన ఇంగ్లండులో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడి 2007లో పోయారు. ఇంటికి వాడే సామగ్రి ఐదు మైళ్ల లోపలే దొరకాలని గాంధీజీ తనతో అన్నారని ఆయన చెప్పుకునేవారు.

ఒక జాగ్రత్త. ఇక్కడి మేస్త్రీలలో చాలామందికి ఇది అలవాటు లేదు. ముందు ప్రహరీలో ఒక ముక్క కట్టించి చేయి తిరిగాక ఇంటి గోడకు రమ్మను. కరెంటు పైపులు ఎక్కడ వెళ్లాలో గోడ లేవకముందే తేల్చుకోవాలి. కట్టాక గాడి కొడితే ఈ గోడ పాడవుతుంది.

హాలు ఎత్తు కూడా ఒక అంతస్తుకే దించమను. మరి వేడి గాలి ఎటు పోవాలి అంటావేమో. తాతమ్మ వాళ్ల భవంతి నీకు గుర్తుండే ఉంటుంది. నడిమి వాకిలి పైన ఆకాశం, చుట్టూ స్తంభాల వసారా, ఎండాకాలం మధ్యాహ్నం అందరం ఆ వసారాలోనే పడుకునేవాళ్లం. వేడి గాలి నడిమి నుంచి పైకి పోతుంటే గదుల్లోకి కొత్త గాలి వచ్చేది. మీ 200 గజాల్లో వాకిలి విడవడం కుదరదు, పైగా ఇప్పుడు కోతుల బెడద. మెట్ల దారినే ఆ పనికి వాడుకోవచ్చు. డాబా మీదికి తేలే మెట్ల గదికి పైన నాలుగు వైపులా జాలీ కిటికీలు పెట్టి, దోమల మెష్, గ్రిల్ వేయించండి. రాత్రి కింది కిటికీలు తీస్తే చాలు, ఇల్లంతా గాలి ఆడుతుంది.

హోమ్ థియేటర్, జిమ్ తీసేయండి. ఈ మాట అల్లుడికి నచ్చదని తెలుసు, అయినా నా బిడ్డ ఇల్లు కాబట్టి చెబుతున్నాను. 50 కిలోల సిమెంటు బస్తా తయారయ్యేసరికి దాదాపు 30 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. వాడని గది కోసం అన్ని బస్తాలు పోయడం నాకు మనసొప్పదు. ఆ డబ్బుతో పై అంతస్తుకు బయటి నుంచి విడిగా మెట్లు పెట్టుకోండి. పిల్లలు చదువులకు వెళ్లాక పైన అద్దెకిచ్చుకోవచ్చు, లేదంటే మేమిద్దరం వచ్చి ఉండొచ్చు.

మీ అత్తమ్మ మోకాళ్ల సంగతి ప్లానులో ఎక్కడా కనబడలేదు. ఆమె గది కిందే ఉండాలి. బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులు చూపించారు, మూడడుగులు చేయించు, రేపు వీల్‌చైర్ అవసరమైనా పడుతుంది. సింహద్వారానికి గడప ఉండనీ, పసుపు కుంకుమ పెట్టుకుంటాం. లోపలి గదులకు గడపలు, ఎత్తుపల్లాలు వద్దు. కమోడ్ పక్క గోడలో కడ్డీ బిగించడానికి ఇప్పుడే గట్టి కాంక్రీటు దిమ్మ పోయించు. ఫ్లోరింగుకు నున్నటి విట్రిఫైడ్ టైల్స్ బదులు తాండూరు బండలు వేయించు. చల్లగా ఉంటాయి, వికారాబాద్ జిల్లా నుంచే వస్తాయి. మరీ పాలిష్ పట్టించకపోతే కాలు జారదు.

వంటింటి వెనక యుటిలిటీ మూడడుగులే ఉంది. గిన్నెలు, వాషింగ్ మెషీన్, వానాకాలం బట్టలు అన్నీ అక్కడే. ఐదడుగులన్నా కావాలని అమ్మ గట్టిగా చెప్పమంది.

డాబా మీద తెల్ల టైల్స్ లేదా కూల్ రూఫ్ పెయింట్. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన ప్లాట్లకే తప్పనిసరి. మీకు నియమం వర్తించకపోయినా చేయించండి, పై అంతస్తులో తేడా మొదటి వేసవిలోనే తెలుస్తుంది. సోలారుకు 3 కిలోవాట్లు చాలు, సూర్యఘర్ పథకంలో 78 వేల సబ్సిడీ ఉంది. నీళ్ల ట్యాంకు దక్షిణాన పెడితే ప్యానెళ్ల మీద నీడ పడుతుంది, జరిపించు. ప్యానెళ్లు తలకు తగలనంత ఎత్తులో బిగిస్తే వాటి కింద బట్టలు ఆరేసుకోవచ్చు. వడియాలకు, మిరపకాయలకు ఎండ తగిలే చోటు కొంచెం వదలండి.

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అంటే 70 వేల లీటర్లకు పైనే. మొదటి వాన బయటికి వదిలి, మిగతాది సంపులోకి, పొర్లింది ఇంకుడు గుంతలోకి వెళ్లేలా పైపులు వేయించండి. స్నానాల నీళ్లు మొక్కలకు మళ్లేలా వేరే పైపు ఇప్పుడైతే కొద్ది ఖర్చు, తర్వాత అంటే ఫ్లోరింగ్ పగలగొట్టాలి.

మార్పులు చేసిన ప్లాను రాగానే పంపు. పునాదికి ముగ్గు పోసే రోజు ముందే చెబితే నేనూ అమ్మా వస్తాం. మీ అత్తమ్మనూ పిల్లలనూ కూడా ప్లాటుకు తీసుకురా. ముగ్గు గీతల మధ్య ఆమె మంచం ఎటు, తలుపు ఎటు తెరుచుకోవాలి, రాత్రి బాత్రూమ్‌కు ఎన్ని అడుగులు నడవాలి, ఆమెతోనే నడిపించి చూద్దాం. మార్చాల్సింది ఏదైనా ఉంటే పునాది తవ్వకముందే మార్చుకోవచ్చు.

ఆశీస్సులతో,
నాన్న